మాటకు శక్తి ఎక్కడిది?

మాట వినగానే అర్థం తోస్తుంది. 'కుండ' అన్న రెండక్షరాలకూ నీళ్లు పోసుకునే మట్టిపాత్రకూ ఏ పోలికా లేదు. అయినా ఒకటి చెవిన పడితే రెండోది మనసులో మెదులుతుంది. ఈ రెంటినీ కలిపే ముడిని తర్కశాస్త్రం 'శక్తి' అంటుంది. ఆ ముడి వేసిందెవరన్న దగ్గర దర్శనాలు చీలిపోయాయి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం నేటికీ తర్కం మొదలుపెట్టేవారి చేతికి వచ్చే మొదటి పుస్తకం. ఈ మాటకు ఈ అర్థం తెలియాలన్న ఈశ్వర సంకేతమే శక్తి అని అది ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు ఒప్పుకోలేదు. వారి లెక్కలో మాటా అర్థమూ అనాది జంట. ముడి వేసినవాడే లేడు. వేదానికి కర్త లేడని నిలబెట్టాలంటే వారికి ఈ వాదం తప్పదు. తరువాతి నైయాయికులు, అంటే తర్కశాస్త్రం వారు, ఈశ్వరుణ్ణి కాస్త పక్కకు జరిపి, ఇచ్ఛ అంటూ ఉంటే చాలు, అది ఎవరిదైనా ఫరవాలేదన్నారు.

ఇది వేదపాఠశాల అరుగు దిగని తగాదాలా కనిపిస్తుంది. కానీ బెజవాడలో ఇంటర్ చదివే పిల్లవాడు ఇంగ్లీషు వ్యాసంలో 'వెరీ హ్యాపీ', 'వెరీ సాడ్', 'వెరీ హాట్' అని రాసి, తనకే విసుగు పుట్టి ఇంకాస్త పదునైన మాటల కోసం వెతుక్కున్నప్పుడు సరిగ్గా ఈ ప్రశ్న ముందుకే వస్తాడు. కొత్త మాట తెలియడమంటే ఏమిటి? ఎవరి సంకేతం అతనికి అందాలి? దాని పక్కన రాసిపెట్టిన తెలుగు అర్థం బట్టీ కొడితే ఆ మాట తనదైనట్టేనా?

మొదట తేలవలసింది, పరభాషా పదానికి అసలు శక్తి ఉందా అన్నది. పాత నైయాయికుల్లో చాలామంది లేదన్నారు. శక్తి సంస్కృత పదాలకే ఉంది; తక్కిన మాటలు వినేవాడికి సంస్కృత పదాన్ని గుర్తుచేసి, ఆ దారిన అర్థాన్నిస్తాయని వారి లెక్క. వ్యాకరణవేత్తలు ఇంకొంచెం ఉదారులు. సాధుశబ్దం వల్లా అపశబ్దం వల్లా అర్థం ఒకేలా తెలుస్తుందనీ, పుణ్యం మాత్రం సాధుశబ్దానికే అనీ పతంజలి మహాభాష్యం చెబుతుంది. అంటే భాషకు రెండు ఖాతాలు: ఒకటి అర్థానిది, రెండోది ధర్మానిది. ఇంగ్లీషు మాట దగ్గర మన సమాజం నేటికీ ఈ రెండు ఖాతాలూ కలిపేస్తుంది. పలుకుబడిలో ఒక తప్పు దొర్లితే అర్థం తెలిసినా నవ్వుతారు. పుణ్యం స్థానంలో పరువు వచ్చింది, అంతే.

ఈ విషయంలో అందరికంటే పెద్దమనసు మీమాంసకులది కావడం విచిత్రం. వేదంలో వచ్చే 'పిక', 'నేమ', 'తామరస' వంటి మాటలకు ఆర్యుల వాడుకలో అర్థం దొరకడం లేదు; మ్లేచ్ఛులు వాటిని వాడుతున్నారు. అప్పుడు ధాతువులు తవ్వి అర్థం కల్పించాలా, మ్లేచ్ఛుల్ని అడగాలా? మీమాంసకుల శబరభాష్యం తీర్పు సూటిగా ఉంటుంది: అడగాలి. మాటను వాడేవాడే దానికి సాక్షి. ఈ ఘట్టం మీదే 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు తంత్రవార్తికంలో ద్రావిడ భాష ఎత్తుకుని, సంస్కృతం చెవితో దాన్ని వినేవారిని వేళాకోళం చేశాడు. అన్నానికి అక్కడ 'చోర్' అంటారు. మన పండితుడు చివర ఒక అచ్చు తగిలించి దొంగను చూస్తాడు. పొట్టను 'వైర్' అంటే వైరమని ఊహిస్తాడు. పామును చెప్పే మాటలో పాపం కనిపిస్తుంది. తమిళంలోని చోఱు, వయిఱు, పాంబు ఇవి. ద్రావిడంతోనే ఇంత తంటా ఉంటే పారశీక, యవన, రోమక భాషల్లో ఏ గతి పడుతుందో అని కుమారిలుడు అడుగుతాడు. ఇంగ్లీషు 'సెన్సిబుల్'ని 'సెన్సిటివ్' అనుకునే విద్యార్థికి పదమూడు పద్నాలుగు వందల ఏళ్ల నాడే హెచ్చరిక రాసిపెట్టి ఉందన్నమాట.

ఇక మాట ఎలా తెలుస్తుందన్నది. న్యాయసిద్ధాంత ముక్తావళి అనే తర్కగ్రంథం ఉదాహరించే ఒక పాత శ్లోకం ఎనిమిది దారులు చెబుతుంది: వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణ, తెలిసిన పదాల సాన్నిధ్యం. వీటిలో వ్యాకరణం, ఉపమానం, వివరణ బడిలో ఎలాగూ దొరుకుతాయి. ఆప్తవాక్యమంటే నమ్మదగినవాడు 'దీన్ని ఇలా అంటారు' అని చెప్పడం. మంచి మాస్టారు దొరికితే అదే. అసలు సరుకు తక్కినవాటిలో ఉంది.

అన్నిటికీ మొదటిది వ్యవహారం. దానికి శాస్త్రాల్లో ఒక స్థిరమైన ఉదాహరణ ఉంది. పెద్దాయన 'ఆవును తీసుకురా' అంటాడు, ఇంకొకడు తెస్తాడు, పక్కన పసివాడు చూస్తుంటాడు. తరువాత 'ఆవును కట్టెయ్', 'గుర్రాన్ని తీసుకురా' అన్న మాటలు వింటాడు. ఏ మాట మారితే ఏ పని మారిందో గమనించి ఆవునూ తేవడాన్నీ విడదీసుకుంటాడు. దీనికి ఆవాపోద్వాపం అని పేరు. ఒకటి వేసి ఒకటి తీసి చూడటం.

ఇదంతా కళ్లారా చూడాలంటే ఆవు అక్కర్లేదు. విజయవాడ నుంచి బందరు పోయే బస్సు ఎక్కితే చాలు. కండక్టరు 'హోల్డాన్' అంటాడు, బస్సు ఆగుతుంది. జనం దిగుతారు. 'రైట్ రైట్' అంటాడు, బస్సు కదులుతుంది. కంకిపాడులో అంతే, ఉయ్యూరులో అంతే, పామర్రులో అంతే. అమ్మ ఒళ్లో కూర్చున్న నాలుగేళ్ల పిల్ల బందరు చేరేలోపు రెండు మాటలూ నేర్చేసుకుంటుంది. ఎవరూ చెప్పలేదు, నిఘంటువు తెరవలేదు. అయితే ఆ పిల్ల నేర్చింది ఇంగ్లీషేనా? 'హోల్డ్ ఆన్' అంటే ఇంగ్లీషువాడికి కాసేపు ఉండమనో, గట్టిగా పట్టుకోమనో. 'రైట్' అంటే కుడి లేదా సరి. బస్సును ఆపే శక్తీ, కదిపే శక్తీ ఆ మాటలకు ఇచ్చింది మన రోడ్లే. ఈశ్వరుడికీ లండన్‌కూ ఇందులో ప్రమేయం తక్కువ.

ఇలా కొత్త ముడి పడిన మాటలు డెల్టా తెలుగులో బోలెడు. 'వాడు ఫీలయ్యాడు' అంటే నొచ్చుకున్నాడని అర్థం. ఇంకే అనుభూతీ దానికి చెందదు. అదే పిల్లవాడు ఇంగ్లీషులో 'హి ఫెల్ట్' అని ఆపేస్తే వాక్యం గాలిలో వేలాడుతుంది. ఏమని ఫీలయ్యాడు? తర్కం చెప్పే 'ఆకాంక్ష' ఇదే: ఒక పదం ఇంకొక పదం కోసం చెయ్యి చాచి ఉండటం. ఆ ఖాళీలో ఏం పెట్టాలన్న దగ్గరే అసలు సంపద అవసరమవుతుంది. మాట పడి నొచ్చుకుంటే 'హర్ట్', పదిమందిలో అవమానం జరిగితే 'హ్యుమిలియేటెడ్', తనవాళ్లు పిలవకుండా పెళ్లి చేసుకుంటే 'స్లైటెడ్', ఆశపడ్డది దక్కకపోతే 'లెట్ డౌన్'. తెలుగులో మనసు చివుక్కుమంది, తల కొట్టేసినట్టయింది, చిన్నబుచ్చారు, ఉసూరుమన్నాడు. తెలుగుపిల్లవాడికి భావాలకు కరువేమీ లేదు. అన్నిటి మీదా 'ఫీలయ్యాడు' అనే ఒకే రేకు కప్పేశాం, అదీ చిక్కు.

వ్యవహారం దొరకని చోట దిక్కు కోశం. మన వైపు పిల్లల చేత వల్లె వేయించిన అమరకోశం నిజానికి పర్యాయపదాల పుస్తకమే. లండన్‌లో రోజెట్ తన థిసారస్‌ను అచ్చువేసింది 1852లో. అమరసింహుడు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే మాటల్ని అర్థాన్ని బట్టి వర్గాలుగా కట్టేశాడు. 1820లలో మచిలీపట్నం కోర్టులో పనిచేసిన సి.పి. బ్రౌన్ తన తెలుగు నిఘంటువులో పండితులు గ్రామ్యమని తోసేసిన వాడుకమాటలకూ చోటిచ్చాడు. కోశం పెంచేది మాటల సంఖ్య. కానీ వరస కట్టి నిలబెట్టిన మాటలన్నీ ఒకటేనన్న భ్రమ కూడా అక్కడే పుడుతుంది.

అమరకోశంలో అగ్నికి ముప్పైకి పైగా పేర్లున్నాయి. పావకుడు శుద్ధి చేసేవాడు. దహనుడు కాల్చేవాడు. హుతాశనుడు హోమద్రవ్యం తినేవాడు. అనలుడు 'చాలు' అననివాడు, ఎంత పెట్టినా ఇంకా కావాలనేవాడు. నిప్పు ఒకటే, ముఖాలు వేరు. పూరిల్లు అంటుకున్నప్పుడు పావకుడని పిలిస్తే ఎబ్బెట్టు. మంత్రంలో అయితే ఈ మార్పు అసలే కుదరదు. అగ్ని అని ఉన్నచోట వహ్ని అంటే అర్థం నిలిచినా మంత్రం నిలవదని మీమాంస నియమం. కవిత్వానికీ మంచి వచనానికీ ఈ నియమం కొంత వర్తిస్తుంది. పర్యాయపదాలు పూర్తిగా పర్యాయాలు కావు.

ఇంగ్లీషు నిప్పును చూడాలంటే పల్లెలో ఊకపొయ్యి దగ్గర కూర్చోవాలి. మిల్లు నుంచి తెచ్చిన ఊక దట్టించి ముట్టిస్తే మంట పైకి లేవదు. లోలోపల ఎర్రగా పాకుతుంది, పొగ వస్తుంది, ఆరిందనుకుని చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ స్థితి పేరు 'స్మోల్డర్'. ఊక కింద నుంచి గాలి తగిలి ఒక్కసారి భగ్గుమంటే 'ఫ్లేర్'. చింతమొద్దు కాలి కణకణలాడే ఎరుపు 'గ్లో'. గాలికి దీపం రెపరెపలాడితే 'ఫ్లికర్'. గడ్డివాము అంటుకుని భగభగ మండితే 'బ్లేజ్'. మొదటిసారి ఇలా పొయ్యి పక్కన నేర్చినవాడికి, ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకున్న కోపాన్ని 'స్మోల్డరింగ్' అని ఎందుకంటారో విడిగా చెప్పక్కర్లేదు. నివురుగప్పిన నిప్పు అన్న మాట అతనికి ముందే తెలుసు.

ఇక్కడ రెండు భాషల కట్టుబడిలో ఒక తేడా కనిపిస్తుంది. తెలుగు క్రియను మామూలుగా ఉంచి, ముందు ఒక జంటమాట చేరుస్తుంది: భగభగ మండింది, గటగట తాగింది, గబగబ నడిచింది, వెక్కివెక్కి ఏడ్చింది. ఇంగ్లీషు తరచుగా ఆ తీరంతా క్రియలోనే కూరుతుంది. గటగట తాగితే 'గల్ప్', చప్పరిస్తూ కొంచెం కొంచెంగా తాగితే 'సిప్'. వెక్కివెక్కి ఏడిస్తే 'సాబ్', పసివాడు కుయ్యోమంటే 'వింపర్'. రోజంతా నాట్లేసి పొలం గట్టు మీద కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చే నడక 'ట్రజ్'. మోకాటి లోతు నీళ్లలో దాళ్వా చేను దాటితే 'వేడ్'. ప్రకాశం బ్యారేజి మీద సాయంత్రపు గాలికి పని లేకుండా తిరిగితే 'స్ట్రోల్'. కనుక 'వెరీ' అన్న మాట పక్కన ఇంకో విశేషణం వెతకడం కన్నా క్రియను మార్చుకోవడం తెలుగువాడికి దగ్గర దారి. తన జంటమాటల్ని ఒక్కొక్కటే తీసి, దానికి ఇంగ్లీషులో ఏ క్రియ ఉందో చూసుకుంటే సరిపోతుంది. మన భాషలో జంటమాట చిన్నపిల్లల మాటగా, పామరుల మాటగా చెలామణి కావడం వల్ల చదువుకున్నవాడు దాన్ని వదిలేస్తాడు. అలా వదిలేసి ఇంగ్లీషులోనూ చప్పిడి వాక్యం రాస్తాడు.

దగ్గరి మాటల మధ్య గీత ఎలా గియ్యాలో చెప్పిన దార్శనికుడికి ఈ నేలతోనే సంబంధం ఉంది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ఆంధ్రదేశపు రాజధానికి దాపున ఒక కొండ మీద హేతువిద్య గ్రంథం రాశాడని 7వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ నమోదు చేశాడు. ఆ రాజధాని వేంగి అని చరిత్రకారుల గుర్తింపు. ఏలూరు దగ్గరి నేటి పెదవేగి. దిఙ్నాగుడి ప్రమాణసముచ్చయం అయిదో అధ్యాయం 'అపోహ'ను వివరిస్తుంది. వాడుకలో అపోహ అంటే పొరపాటు అభిప్రాయం. అతని అర్థం వేరు, తొలగింపు. 'ఆవు' అన్న మాట ఆవుతనమనే నిత్యవస్తువును చూపదు, ఆవు కానివాటినన్నిటినీ తోసివేస్తుంది. నైయాయికులూ మీమాంసకులూ ఈ వాదాన్ని చీల్చి చెండాడారు. ఆవు కానిది తెలియాలంటే ముందు ఆవు తెలియాలి కదా అన్న కుమారిలుడి ఆక్షేపణ బలమైనదే. కానీ దర్శనంగా నిలిచినా నిలవకపోయినా, భాష నేర్చేవాడికి ఇంతకు మించిన పనిముట్టు దొరకదు. ఒక మాటకు అర్థమేమిటని కాక, అది వేటిని బయట పెడుతోందని అడగాలి.

విజయవాడ వేసవి మీద దీన్ని పరీక్షించవచ్చు. బ్లేజ్‌వాడ అన్న చమత్కారం కట్టమంచి రామలింగారెడ్డిదని చెప్పుకుంటారు. ఎవరిదైనా అది రోహిణి కార్తె మధ్యాహ్నానికే నప్పుతుంది. వర్షం ముంగిట గాలి స్తంభించి, చొక్కా ఒంటికి అతుక్కుని, చెమట ఆరని సాయంత్రానికి ఆ మాట అతకదు. అది ఉక్కపోత, ఇంగ్లీషులో 'మగ్గీ'. 'మగ్గీ' పొడివేడిని తోసేస్తుంది, 'స్కార్చింగ్' చెమ్మను పట్టించుకోదు, చర్మం మాడటమే దాని సంగతి. 'వార్మ్' హాయి పోయేంత వేడిని తోసేస్తుంది. 'వెరీ హాట్' దేన్నీ తోసెయ్యదు. అందుకే అది ఏ రోజుకైనా సరిపోతుంది, ఏ రోజునూ చూపదు.

వాక్యశేషానికి ముక్తావళి ఇచ్చే ఉదాహరణ రైతుకు నచ్చుతుంది. 'యవ' అంటే ఆర్యులకు పొడుగు మీసాల ధాన్యం, మ్లేచ్ఛులకు కొర్రలు. యజ్ఞంలో ఏది వాడాలి? వేదవాక్యం చివరిదాకా చదివితే, తక్కిన పైర్లు వాడిపోయినప్పుడు ఇవి నిగనిగలాడుతూ నిలుస్తాయని ఉంటుంది. దాంతో మీసాల ధాన్యమని తేలుతుంది. తెలియని మాట దగ్గర ఆగిపోయి ఫోను తీసేవాడు ఈ దారిని మూసుకుంటున్నాడు. ఇంకో రెండు పంక్తులు చదివితే వాక్యమే చెప్పేది.

వాక్యంలో పదాలు కలవడానికి 'యోగ్యత' కూడా ఉండాలి. నిప్పుతో తడిపాడంటే పొసగదు. తడపడం నిప్పుకు చేతకాదు. థిసారస్ చూసి రాసిన వాక్యాల్లో ఇంతకంటే సన్నని పొసగమి ఒకటి ఉంటుంది. 'స్ట్రాంగ్ టీ' అని ఏ బడ్డీకొట్టు దగ్గరైనా అడుగుతారు. 'పవర్‌ఫుల్ టీ' అంటే ఇంగ్లీషువాడు నవ్వుతాడు. అర్థంలో తప్పేమీ లేదు, పొత్తు కుదరలేదు. ఇది శాస్త్రం చెప్పిన యోగ్యతకు కొంచెం అవతలి సంగతి. వాడుక తప్ప దీనికి వేరే న్యాయాధిపతి లేడు.

మాటలు ఇటు నుంచి అటు కూడా వెళ్లాయి. ధాన్యం గాదెల కింద బొరియలు తవ్వే పందికొక్కు ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. ఆ తరువాత ఆస్ట్రేలియా వెళ్లి, అసలు ఎలుకజాతే కాని ఒక సంచిజంతువుకు పేరైంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855 నాటికి పూర్తయిన కట్టడాన్ని ఇంజనీర్లు 'ఆనికట్' అన్నారు. తమిళం నుంచి ఇంగ్లీషు కాగితాల్లోకి ఎక్కిన ఆ మాట మన ఆనకట్టకు తోబుట్టువు. పందికొక్కుకూ ఆ సంచిజంతువుకూ నిత్యసంబంధం ఉందని ఏ మీమాంసకుడూ వాదించలేడు. ముడి మనుషులది, ఊరు మారితే మళ్లీ వేస్తారు.

చూడగలిగే వస్తువులు అయిపోయాక నమ్మకాల మాటలు వస్తాయి, అక్కడ ముళ్లు మరీ బిగువు. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పెట్టిన ఇంగ్లీషు బడిలో బైబిలు చదివిన హిందూ పిల్లలకు 'గ్రేస్', 'మెర్సీ', 'పిటీ', 'కంపాషన్' ఎదురయ్యాయి. తెలుగులో కృప, కనికరం, జాలి, కరుణ ఉన్నాయి. వరస సరిపోయినట్టే ఉంటుంది గాని సరిపోదు. శిక్షించే అధికారం ఉండి వదిలేస్తేనే 'మెర్సీ'. జాలికి అధికారం అక్కర్లేదు. 'పిటీ'లో కాస్త చిన్నచూపు దూరుతుంది. అర్హత లేకున్నా దక్కేది 'గ్రేస్'. కర్మఫలం నమ్మిన ఇంట్లో పెరిగినవాడికి ఆ మాట తెలియడానికి నిఘంటువు చాలదు, ఒక మతం ఎలా ఆలోచిస్తుందో తెలియాలి.

నాస్తికుడన్న మాట ఇంకా మంచి సాక్షి. మనుస్మృతి వాడుకలో వేదాన్ని నిందించేవాడు నాస్తికుడు. ఆ లెక్కన సృష్టికర్తను ఒప్పుకోని మీమాంసకుడు నిక్షేపంగా ఆస్తికుడు. ఇంగ్లీషులో అతన్ని 'ఎథీయిస్ట్' అనవలసి వస్తుంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో గోరా నాస్తిక కేంద్రం ప్రారంభించి, 1947లో విజయవాడ పటమటకు తరలించారు. 1951లో వచ్చిన ఆయన ఇంగ్లీషు పుస్తకం పేరు 'యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ'; 1969లో మొదలుపెట్టిన పత్రిక పేరు 'ది ఎథీయిస్ట్'. మెత్తని మాట ఒకటి చూసుకోకుండా, రెండు భాషల్లోనూ జనం తిట్టుగా వాడే మాటనే పేరుగా పెట్టుకుని దానికి కొత్త ముడి వేయబోయారు. గాంధీ వేరే దారి పట్టారు. దేవుడే సత్యం అంటూ వచ్చినవారు 1931 నాటికి సత్యమే దేవుడు అన్నారు. దేవుణ్ణి కాదనేవాడు కూడా సత్యాన్ని కాదనలేడు కదా అన్నది వారి వాదం. మాటలు రెండే, చోట్లు మారాయి.

ఎనిమిదో దారి, తెలిసిన పదాల సాన్నిధ్యం, అన్నిటికంటే చవక. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టు ముందు నిలబడి తీసుకున్న ఒక కథల పుస్తకం చాలు. పేజీలో తొంభై అయిదు మాటలు తెలిసి అయిదు తెలియకపోతే, ఆ తొంభై అయిదూ కలిసి అయిదింటినీ పట్టిస్తాయి. దీనికి న్యాయశాస్త్రం ఇచ్చే ఉదాహరణలో ఒక మామిడిచెట్టుంది. ఆ చెట్టు మీద 'పిక' ఏదో తియ్యగా కూస్తోందని వాక్యం. పికమంటే తెలియనివాడికి మామిడి తెలుసు, తియ్యని కూత తెలుసు. నూజివీడు తోటల్లో ఒక చైత్రం గడిపినవాడైతే ఆగకుండా 'కోయిల' అనేస్తాడు. శబరుడు మ్లేచ్ఛుల్ని అడిగి తెలుసుకోమన్న మాటా ఇదే.